అలబాయ్ కుక్కపిల్లను తెచ్చుకునే ముందు: బెంగళూరు ఇంటికి, తోటకు సమగ్ర మార్గదర్శి

నెలకు ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారు. "అన్నా, అలబాయ్ తెచ్చుకుందామనుకుంటున్నాం, మంచి పిల్ల ఎక్కడ దొరుకుతుంది?" నిజానికి ఈ మొత్తం పనిలో పిల్ల దొరకడమే అన్నిటికన్నా తేలిక. డబ్బు పంపితే వారంలో ఇంటి ముందుకు వస్తుంది. అందుకే ఆ సంగతి ఐదో మెట్టు దాకా ఎత్తను.

అడిగేవాళ్లలో కొందరు వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు ఫ్లాట్లలో ఉంటారు. ఇంకొందరు బాగేపల్లి, చిక్కబళ్లాపుర, హిందూపురం వైపు రెండు మూడెకరాల తోట కొనుక్కుని శనాదివారాలు వెళ్లొస్తుంటారు. నేను యలహంక అవతల సొంతింట్లో ఉంటాను. బసవ అనే మగ అలబాయ్‌ని ఆరేళ్లుగా పెంచుతున్నాను. కింద చెప్పబోయే తప్పుల్లో నాలుగైదు నేను చేసినవే.

ఇలాంటి కాపలా జాతులే అయిన కాకేసియన్ షెపర్డ్, కంగల్ కావాలనుకునేవాళ్లకూ ఇదే వరస పనికొస్తుంది. రాట్‌వైలర్, డాబర్‌మన్‌లకు మాత్రం అంతగా పనికిరాదు.

## 1. ఇది ఏ పనికి పుట్టిందో ముందు తెలుసుకోండి

అలబాయ్ అంటే సెంట్రల్ ఏషియన్ షెపర్డ్. తుర్క్‌మెనిస్థాన్, కజకిస్థాన్, ఉజ్బెకిస్థాన్ వైపు గొర్రెల మందల దగ్గర ఉంటూ తోడేళ్లను అడ్డుకునే జాతి. పేరులో షెపర్డ్ ఉంది కాబట్టి జర్మన్ షెపర్డ్‌కి పెద్దన్న లాంటిది అనుకుంటారు. కానే కాదు.

జర్మన్ షెపర్డ్ మందను తోలే కుక్క. మనిషి ఏం చెప్తాడా అని మొహంలోకి చూస్తుంటుంది. రాట్‌వైలర్, డాబర్‌మన్‌లు కూడా పక్కనున్న మనిషితో కలిసి పనిచేసే రకమే. అలబాయ్ అలా కాదు. కాపరి నిద్రపోతున్నప్పుడు, చీకట్లో, ఎవరినీ అడగకుండా ఏది ముప్పో తనే తేల్చుకోవాలి. తరతరాలుగా అలా తేల్చుకోగలిగిన కుక్కలనే ఉంచుకున్నారు.

మా కదిరి వైపు కోతలయ్యాక ఎరువు కోసం చేలో గొర్రెల మంద పెట్టించుకుంటారు. రాత్రి కాపరి గొంగడి కప్పుకుని పడుకుంటే, మందకు తలో దిక్కునా కుక్కలు పడుకుని ఉంటాయి. మనం పిలిస్తే తోకూపుకుంటూ రావు. ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంటాయి. అవతల కంపలో ఏదైనా కదిలిందా, కాపరి లేచేసరికే అక్కడ ఉంటాయి. అలబాయ్ గుణం అదే. కాకపోతే ఒళ్లు రెండింతలు.

ఈ గుణం ఇంట్లో ఇలా కనిపిస్తుంది:

- పిలిచిన ప్రతిసారీ రాదు. విన్నది, అర్థమైంది, ఇప్పుడు అవసరం లేదనుకుంది, అంతే.
- పగలంతా పడుకుని రాత్రి మేలుకుంటుంది, మొరుగుతుంది. అది దాని డ్యూటీ.
- తన హద్దు తానే గీసుకుంటుంది. మీ గోడ దగ్గర ఆగాలని లేదు. వీధి మలుపు దాకా తనదే అనుకోవచ్చు.
- కొత్త కుక్క కనిపిస్తే, అందులోనూ తన లింగానిదే అయితే, సర్దుకుపోదు.
- మనసు పక్వానికి రావడానికి రెండు, మూడేళ్లు పడుతుంది. ఏడాది పిల్లను చూసి "చాలా సాధువు" అనుకోకండి.

అంతర్జాతీయ కెనెల్ సమాఖ్య ప్రమాణం ప్రకారం మగదానికి భుజం దగ్గర కనీసం 70 సెంటీమీటర్ల ఎత్తు, 50 కిలోల బరువు ఉండాలి. ఆడదానికి కనీసం 65 సెంటీమీటర్లు, 40 కిలోలు. ఇవన్నీ కనిష్ఠాలే. మా బసవ 64 కిలోలు. పిల్లిని చూసి అది ముందుకు లాగితే నేను రోడ్డు మీద రెండు బారలు జారాను. నా బరువు 78.

## 2. టేపు పట్టుకుని ఇల్లు కొలవండి

ఫ్లాటయితే: నా మాట వద్దనే. కుక్క పరిమాణాన్ని బట్టి, జాతిని బట్టి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నిషేధం పెట్టకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అది వేరే విషయం. మీ తలుపు ముందు కారిడార్‌ను ఈ కుక్క తన హద్దుగా లెక్కేసుకుంటుంది. ఎదురింటి పెద్దాయన పాల ప్యాకెట్ కోసం తలుపు తీసిన ప్రతిసారీ దానికి టెన్షన్. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఇంకో కుక్క ఉంటే వెనక్కి జరగడానికి చోటుండదు. ఇక రాత్రి రెండింటికి మొరగడం గురించి చెప్పక్కర్లేదు.

తోటయితే: మీరు అక్కడ ఉండకపోతే ఇదీ వద్దు. వారానికోసారి కనిపించేవాళ్లు దానికి యజమానులు కారు. అన్నం పెట్టే కాపలా కుటుంబమే దానికి ఇల్లు. ఆ కుటుంబం పని మానేసి వెళ్లిపోతే, కొత్తగా వచ్చినవాళ్లు దాని లెక్కలో దొంగలు. మా తెలిసినవాళ్ల తోటలో అచ్చం ఇదే జరిగింది. కొత్త కాపలాదారు మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేకపోయాడు. కాపలా కుటుంబం అక్కడే స్థిరంగా ఉంటుందన్న నమ్మకం ఉంటేనే, పిల్ల వచ్చిన మొదటి రోజు నుంచి వాళ్లనూ కలుపుకుని పెంచండి.

సొంతిల్లయితే ఇవన్నీ పిల్ల రాకముందే పూర్తి కావాలి:

- ప్రహరీ గోడ 6 అడుగులకు తగ్గకూడదు. పక్కన ఎక్కడానికి వీలుగా ఇటుకల కుప్పలు, సంపు దిమ్మెలు ఉండకూడదు.
- గేటు ఊచల మధ్య పిల్లవాడి చెయ్యి పట్టే సందు ఉంటే కింది నాలుగడుగులూ రేకు కొట్టించండి. బయటి చెయ్యి లోపలికి రాకూడదు, లోపలి మూతి బయటికి పోకూడదు.
- రెండు గేట్ల పద్ధతి పెట్టించండి. బయటి గేటు తీసినప్పుడు లోపలిది మూసి ఉండాలి. ఖర్చు చూసి వెనకాడతారు కానీ, ఈ జాబితాలో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి.
- కాలింగ్ బెల్, పార్సిల్ పెట్టె, కరెంటు మీటరు, నీళ్ల ట్యాంకర్ పైపు పెట్టే చోటు, అన్నీ బయటి వైపే ఉండాలి. బెస్కాం మీటరు చూసే మనిషి మీ కుక్క దగ్గరికి రావాల్సిన అవసరమే ఉండకూడదు.
- బోర్డు కన్నడలో, ఇంగ్లిష్‌లో పెట్టండి. "నాయి ఇదె, ఎచ్చరికె" (కుక్క ఉంది, జాగ్రత్త) అని కన్నడ లిపిలో రాయించండి. మన తెలుగు బోర్డు డెలివరీ కుర్రాడికి అర్థం కాదు.
- ఇంట్లో నున్నటి టైల్స్ ఉంటే కుక్క తిరిగే దారిలో రబ్బరు మ్యాట్లు వేయండి. ఎదిగే కీళ్లకు జారుడు నేల మంచిది కాదు.
- గొలుసుతో కట్టేసే ఆలోచన ఉంటే ఇక్కడితో ఆపేయండి. కట్టేసిన కాపలా కుక్క తప్పించుకోలేదు కాబట్టి ప్రతి మనిషినీ ముప్పుగానే చూడటం నేర్చుకుంటుంది.

## 3. ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి

ఈ కుక్కను ఇంట్లో కనీసం ఇద్దరు పట్టుకోగలగాలి, ఒక్కరు చాలదు. ఇద్దరూ పెద్దవాళ్లే అయ్యుండాలి. "మా అబ్బాయి అడుగుతున్నాడు, వాడే చూసుకుంటాడు" అనే ఇళ్లకు నేను సూటిగా వద్దని చెప్తాను. ఇప్పుడు తొమ్మిదో క్లాసులో ఉన్న అబ్బాయి పన్నెండో క్లాసుకు వచ్చేసరికి కుక్కకు మూడేళ్లు. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకో చిక్కుంది. మీ పిల్లల్ని అది కంటికి రెప్పలా చూసుకోవచ్చు. పక్కింటి పిల్లలు వచ్చి ఆటలో మీ వాణ్ని తోసి, వాడు కేక పెడితే? అది ఆటని దానికెవరు చెప్తారు? పిల్లలు గుంపుగా ఆడేటప్పుడు కుక్క వేరే గేటు వెనక ఉండాలి. దీనికి మినహాయింపు లేదు.

పనికి వచ్చే అక్కను కూడా అడగండి. ఆమె ఒప్పుకోకపోతే ఆమెను మార్చడం కంటే మీ ఆలోచన మార్చుకోవడం నయం.

డబ్బు సంగతి: తిండికే నాకు నెలకు 8 వేల నుంచి 10 వేలు అవుతోంది. మందులన్నీ బరువును బట్టే ఉంటాయి. నులిపురుగుల మాత్ర మామూలుగా 10 కిలోలకు ఒకటి లెక్కన ఇస్తారు. ఇంటి పక్క చిన్న కుక్కకు ఒకటి సరిపోతే మనం ఆరేడు కొనాలి. ఆపరేషన్, మత్తుమందు, గోమార్ల మందు, అన్నీ అదే లెక్క. వైద్యం కోసం పక్కన 50 వేలయినా లేకుండా దిగకండి.

## 4. కాగితాలు, చట్టం

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కలను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ, వాటి అమ్మకాన్ని, పెంపకాన్ని ఆపాలని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. అలబాయ్, కాకేసియన్, కంగల్ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. సంబంధిత వర్గాలతో సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు అదే ఏడాది ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. కాబట్టి ఇక్కడ ఆ సర్క్యులర్ అమల్లో లేదు. అయితే పద్ధతి ప్రకారం చర్చించి ప్రభుత్వం మళ్లీ నిబంధన తెచ్చే వీలుంది. తెచ్చుకునే నాటికి పరిస్థితి ఏమిటో ఒకసారి కనుక్కోండి.

నగరంలో పెంపుడు కుక్కకు లైసెన్స్ తీసుకోవాలి. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి ఐదు నగరపాలికలు వచ్చాయి కనుక, మీ ఇల్లు దేని కిందికి వస్తుందో చూసుకోండి. రేబిస్ టీకా సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోండి.

కుక్క విషయంలో అజాగ్రత్తగా ఉండి ఎదుటివాళ్లకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. "మా గేటు లోపలికి ఎందుకొచ్చాడు?" అనే వాదన మీద భరోసా పెట్టుకోకండి.

## 5. ముందు పెద్ద కుక్కను చూడండి, పిల్లను తర్వాత

మూడేళ్లు దాటిన అలబాయ్‌ని కనీసం రెండిళ్లలో చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఒకసారి పగలు వెళ్లండి. ఇంకోసారి చీకటి పడ్డాక వెళ్లండి, ఎందుకంటే ఈ కుక్క రెండు పూటలా ఒకేలా ఉండదు. యజమాని దాన్ని గేటు దగ్గర ఎలా పట్టుకుంటున్నాడు, మీరు కూర్చున్నాక ఎంతసేపటికి దాని ఒళ్లు సడలింది, ఇంటి ఆడవాళ్లు దాని పక్క నుంచి మామూలుగా నడుస్తున్నారా లేక గోడ పట్టుకుని వెళ్తున్నారా, ఇవి గమనించండి.

తర్వాత పెంపకందారు దగ్గరికి వెళ్లండి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం అతనికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

అడగాల్సినవి:

- తల్లి ఎక్కడ? చూపించడానికి సాకులు చెప్తే తిరిగొచ్చేయండి. తల్లి మీ మీద మొరిగితే ఫర్వాలేదు, పిల్లల్ని కాస్తోంది. యజమాని చెప్పాక కూడా మూలకు నక్కి వణుకుతూ పళ్లు చూపిస్తే ఆ పిల్లలు వద్దు. భయపడే పెద్ద కుక్క ధైర్యమున్న పెద్ద కుక్క కంటే ప్రమాదం.
- తల్లిదండ్రుల తుంటి కీళ్ల ఎక్స్‌రేలు ఉన్నాయా?
- పిల్లలు ఎక్కడ పెరుగుతున్నాయి? చీకటి షెడ్డులోనా, మనుషుల అలికిడి ఉన్నచోటా?
- ఇంతకుముందు అమ్మిన పిల్లలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి? ఒకరిద్దరితో మాట్లాడించగలడా?
- మీకు కుదరకపోతే వెనక్కి తీసుకుంటాడా?

చెవులు, తోక కోసిన పిల్లను కొనకండి. ఫొటోల్లో కనిపించే ఆ గుండ్రటి తల అలా కోసి తయారు చేసిందే. వైద్య అవసరం లేకుండా కోయడం జంతుహింస. పైగా చెవులు, తోక లేని కుక్క మనసులో ఏముందో చదవడం కష్టం. ఏడో మెట్టులో అవే మీకు పలక, బలపం.

## 6. మొదటి నాలుగు నెలలు: వరస ముఖ్యం

కుక్కపిల్ల లోకాన్ని "ఇది మామూలే" అని ఒప్పుకునే వయసు సుమారు మూడు వారాల నుంచి పద్నాలుగు వారాల దాకా. మీ చేతికి వచ్చేసరికే అందులో సగం గడిచిపోయి ఉంటుంది. మరోవైపు టీకాల కోర్సు పదహారు వారాల వరకూ సాగుతుంది, బెంగళూరు వీధుల్లో పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు భయం ఉంది. "టీకాలయ్యాకే బయటికి" అని తలుపులు మూసేయడం నేను చేసిన మొదటి తప్పు. బసవ ఇప్పటికీ గొడుగు తెరిస్తే లేచి నిలబడతాడు. చిన్నప్పుడు గొడుగు చూడలేదు మరి.

నేల మీద దించకుండా, ఒళ్లో పెట్టుకుని, కారులోంచి చూపించండి. వారం వారీగా:

1. మొదటి వారం: ఇంట్లోవాళ్లు మాత్రమే. పేరు, పడుకునే చోటు, ఒంటికి వెళ్లే చోటు. చుట్టాల్ని పిలవకండి.
2. రెండు, మూడు వారాలు: రోజుకో కొత్త దృశ్యం. హెల్మెట్ పెట్టుకున్న మనిషి, బుర్ఖా వేసుకున్న ఆమె, చేతికర్ర తాతగారు, ఆటో, చెత్త బండి పాట, ప్రెషర్ కుక్కర్ విజిల్. అందరూ దాన్ని ముద్దు చేయక్కర్లేదు, చూస్తే చాలు. కొత్తవాళ్లు ఉంటారు, వాళ్లవల్ల ఏమీ కాదు అని దానికి తెలియాలి.
3. నాలుగో వారం నుంచి: ఒళ్లు తడమడం. పంజాలు, చెవుల లోపల, పళ్లు, తోక కింద. రోజుకు రెండు నిమిషాలు. 60 కిలోలయ్యాక డాక్టరు దీని కోసం మిమ్మల్ని దీవిస్తాడు.
4. అదే సమయంలో మూతి చిక్కం: ఎద్దులకు కట్టే చిక్కం లాంటిదే, గాలాడే బుట్ట రకం. దాని అడుగున ఉడికించిన చికెన్ ముక్క పెట్టి, మూతి అదే పెట్టుకునేలా అలవాటు చేయండి. శిక్షలా ఎప్పుడూ వాడకండి. పెద్దయ్యాక అవసరం వచ్చిన రోజున మొదటిసారి తొడగడం కుదరని పని.
5. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఆ తర్వాత ఏటా డాక్టరు చెప్పిన ప్రకారం.

తినేటప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టి "అలవాటు" చేయమని చాలామంది చెప్తారు. చేయకండి. తింటుంటే పక్క నుంచి వెళ్తూ ఇంకో మంచి ముక్క గిన్నెలో వేయండి. మనిషి వస్తే తిండి పోదు, పెరుగుతుంది అని అది నేర్చుకోవాలి.

## 7. అసలు కుక్క బయటపడే కాలం

ఎనిమిదో నెల నుంచి రెండున్నర, మూడేళ్ల మధ్య ఎప్పుడో ఒకరోజు మీ పిల్ల మారిపోతుంది. నిన్నటిదాకా అందరి ఒళ్లో పొర్లినది ఇవాళ గేటు దగ్గర నిలబడి చూస్తుంది. ఇది జబ్బు కాదు. మీరు డబ్బు పెట్టి కొన్న గుణం ఇదే.

పిల్లగా ఉన్నప్పుడు బసవను ఒళ్లో పెట్టుకుని ఆడించిన మా బావమరిది, ఏడాది దాటాక ఓ రాత్రి పదిన్నరకు చెప్పకుండా వచ్చాడు. గేటు గడియ తనే తీసుకుని లోపలికి నడిచాడు. కుళాయి దగ్గర పడుకున్న బసవ మొరగలేదు. లేచి, తొందర లేకుండా నడిచొచ్చి, అతనికీ ఇంటి తలుపుకీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. అప్పటిదాకా రొప్పుతున్న నోరు మూసుకుంది. తోక వీపు మీదికి లేచి కదలకుండా ఆగింది. "ఏరా బసవా, గుర్తుపట్టలేదా" అంటూ బావమరిది తల మీదికి చెయ్యి చాపాడు. దూరంగా నీళ్ల మోటారు వేసినట్టు ఛాతీలోంచి ఒక శబ్దం. నేను తలుపు తీసి గట్టిగా అరిచాను. అదే నేను చేసిన తప్పు. నా అరుపు వినగానే, ముప్పు నిజమేనని రూఢి చేసుకుని బసవ అందుకున్నాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా చిరిగింది. చర్మానికి తగల్లేదు, మా అదృష్టం.

మొరగలేదు కదా అని నమ్మకూడదని ఆ రాత్రి తెలిసింది. మొరుగు హెచ్చరిక. మౌనం నిర్ణయం. చూడాల్సినవి ఈ వరసలో వస్తాయి: తెరిచి ఉన్న నోరు మూసుకోవడం, ఒళ్లు బిగుసుకోవడం, తోక లేచి ఆగిపోవడం, బరువు ముందుకాళ్ల మీదికి రావడం. నోరు మూసుకున్న క్షణంలోనే మీరు కదలాలి. గుర్ర్‌మన్నాక ఆలస్యమైనట్టే.

అప్పటినుంచి మా ఇంట్లో అతిథుల పద్ధతి ఇది:

1. ఫోన్ చేయకుండా ఎవరూ రారు. చుట్టాలందరికీ చెప్పేశాం. ఇద్దరు అలిగారు, సర్దుకున్నారు.
2. వాళ్లు వచ్చేసరికి కుక్క వెనక వరండాలో, గేటు వెనక ఉంటుంది.
3. అతిథి లోపల కూర్చుని, నీళ్లు తాగి, పది నిమిషాలు మాట్లాడాక, అవసరమైతేనే కుక్కను తాడుతో తెస్తాను.
4. అతిథి దాన్ని చూడడు, పిలవడు, చెయ్యి చాపడు. అది వాసన చూసి పక్కకు పోతే సరి.
5. నా గొంతు మామూలుగా ఉంటుంది. "చాలు బసవా" అంతే. అరుపు లేదు, తాడు బిగించి లాగడం లేదు.
6. అతిథి లేచి తిరగాలంటే, వెళ్లాలంటే కుక్క ముందు వెనక్కి పోతుంది. వచ్చేటప్పటికన్నా వెళ్లేటప్పుడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.
7. రాత్రి ఉండిపోయే అతిథి ఉంటే, బాత్‌రూమ్ దారిలో కుక్క ఉండదు.

వీధిలో నడక: బెంగళూరులో ప్రతి మలుపుకూ ఒక వీధికుక్కల గుంపు ఉంటుంది. వాటిది వాటి హద్దు, మనదాన్ని నిందించినట్టే వాటినీ నిందించలేం. తెల్లవారి ఐదింటికి లేదా రాత్రి పదిన్నర తర్వాత, గుంపులు తక్కువున్న ఒకటే దారిలో నడవండి. వెడల్పు మెడపట్టీ, ఆరడుగుల గట్టి తాడు చాలు. లాగితే సాగే చక్రాల తాడు వద్దు. ఆదివారం కబ్బన్ పార్కులో వదిలిన కుక్కల మధ్యకు ఎదిగిన అలబాయ్‌ని తీసుకెళ్లి "స్నేహం నేర్పిద్దాం" అనుకోవద్దు.

ఎవరినైనా కరిచిందంటే, గీరుకుపోయినా సరే, గాయాన్ని సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. టీకా వేసిన కుక్కే కదా అని ఆపకండి.

## 8. తిండి, కీళ్లు, ఎండ

పెద్ద జాతి పిల్లను తొందరగా పెంచకూడదు. "నాలుగు నెలలకే 35 కిలోలు" అని గొప్పలు చెప్పుకునేవాళ్లు కీళ్ల డాక్టరుకు అడ్వాన్స్ కట్టినట్టే. పెద్ద జాతి పిల్లల కోసమే చేసిన ఆహారం పెట్టండి. దాని మీద కాల్షియం మందు పోయకండి, ఎక్కువైతే ఎముకలు వంకర పోతాయి. పక్కటెముకలు వేళ్లకు తగలాలి. ఏడాదిన్నర దాకా మెట్ల మీద పరుగులు, కారులోంచి దూకడాలు వద్దు. సంతానం ఆపే ఆపరేషన్ కూడా ఎదుగుదల ముగిశాక ఎప్పుడు మంచిదో డాక్టరుతో మాట్లాడి చేయించండి.

కడుపు మెలిపడటం గురించి ఇంట్లో అందరికీ చెప్పండి. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో కడుపు గాలితో ఉబ్బి తిరగబడుతుంది. కక్కబోతుంది, ఏమీ రాదు. పొట్ట డోలులా అవుతుంది. కుదురుగా పడుకోలేదు. రేపు పొద్దున చూద్దాం అనుకుంటే రేపటికి కుక్క ఉండదు. రాత్రిపూట ఆపరేషన్ చేయగల ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని, నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది కదా అనుకుంటాం, ఏ వేళల్లో ఏ సేవ ఉంటుందో ఫోన్ చేసి తెలుసుకోండి. తిండి ఒకేసారి కాకుండా రెండు మూడు పూటలు పెట్టండి. తిన్నాక గంటైనా పరుగులు వద్దు.

బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, చాలా నెలలు ఇబ్బంది ఉండదు. మార్చి నుంచి మే వరకే జాగ్రత్త. పగటి నడక ఆపేయండి, నీడ, నీళ్లు, తడి సిమెంటు నేల ఉండాలి. రెండు పొరల బొచ్చు గొరిగించకండి, దువ్వితే చాలు. రొప్పుతూ జొల్లు చిక్కబడి తూలితే అది వడదెబ్బ. మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాన్ పెట్టి, వెంటనే బయల్దేరండి.

గోమార్లు ఇక్కడ ఏడాది పొడవునా ఉంటాయి. వాటితో వచ్చే జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది. నివారణ మందు ఒక్క నెల కూడా తప్పకండి. తిండి మానేసి చిగుళ్లు పాలిపోతే రక్త పరీక్ష చేయించండి.

## 9. తప్పులు, దిద్దుబాట్లు

కొట్టి లొంగదీయడం. ఒకటి రెండేళ్లు లొంగినట్టే ఉంటుంది. మూడో ఏట తిరగబడుతుంది. ఇప్పటికే కొట్టి ఉంటే ఆపేయండి. తిండి పెట్టడం, గేటు తీయడం, నడకకు తీసుకెళ్లడం, ప్రతి పనికీ ముందు ఒక్క క్షణం కూర్చోవడం నేర్పండి. కూర్చుంటే పని జరుగుతుంది, లేకపోతే జరగదు. అంతకుమించి డ్రిల్లు అక్కర్లేదు.

"ఉస్కో" అని ఉసిగొల్పడం. కాపలా నేర్పాల్సిన పనే లేదు. మీరు నేర్పాల్సింది ఆగడం.

గుర్ర్‌మంటే తిట్టడం. అది చెప్పే చివరి మాట అదే. నోరు మూయిస్తే రేపు చెప్పకుండా కరుస్తుంది. వెనక్కి జరిగి, ఎందుకు గుర్ర్‌మందో చూడండి.

తోడు కోసం ఒకే ఈడు మగపిల్లలిద్దరిని తెచ్చుకోవడం. రెండేళ్లయ్యాక ఇద్దరికీ వేరే గదులు కట్టించాలి. తోడు కావాలంటే మొదటిదానికి మూడేళ్లు నిండాక, ఎదురు లింగం.

రాత్రి మొరిగితే నోరు కట్టేయడం. రాత్రి పదింటి తర్వాత వీధి కనిపించని వైపు, వెనక వరండాలోకి మార్చండి. చూపు తగ్గితే మొరుగుడు సగానికి తగ్గుతుంది. పూర్తిగా పోదు. పిల్ల రాకముందే పక్కింటివాళ్లతో మాట్లాడమని నేను చెప్పేది ఇందుకే.

## 10. ఉగాదికి ఊరెళ్లేటప్పుడు

అందరూ చివర్న గుర్తుచేసుకునేది ఇదే. ఎదిగిన అలబాయ్‌ని చాలా బోర్డింగ్ కేంద్రాలు తీసుకోవు. తీసుకున్నా, కొత్తచోట కొత్తవాళ్ల మధ్య అది తిండి ముట్టదు. రైల్లో, బస్సులో కదిరి తీసుకెళ్లడం జరిగే పని కాదు. కారులో తీసుకెళ్తే, ఊళ్లో మా నాన్న ఇంటికి రోజుకు ఇరవై మంది వస్తారు.

కాబట్టి కుక్క ఇంట్లోనే ఉండాలి, అది ఒప్పుకున్న మనిషి ఇంటికి రావాలి. ఆ మనిషిని పిల్లప్పుడే ఎంచుకోండి. మాకు వెనక వీధి కుర్రాడొకడున్నాడు. బసవకు మూడో నెల నుంచి వారానికి రెండుసార్లు వచ్చి అన్నం పెట్టి వెళ్లేవాడు, ఇప్పటికీ వస్తాడు, పని ఉన్నా లేకపోయినా. నెలకింత అని ఇస్తాను.

పండక్కి నెల ముందు ఒక పరీక్ష పెట్టండి. మీరందరూ ఒక రాత్రి వేరేచోట ఉండండి, అతను వచ్చి సాయంత్రం, పొద్దున గేటు తీసి అన్నం పెట్టాలి. సీసీ కెమెరాలో చూడండి. గేటు దగ్గర బసవ నోరు తెరిచే ఉంటే టికెట్లు బుక్ చేసుకుంటాం. ఒక ఏడాది మూసుకుంది. ఆ కుర్రాడు కొత్తగా హెల్మెట్ కొనుక్కుని పెట్టుకునే వచ్చాడు. ఫోన్ చేసి తీసేయమన్నాను. తీశాడు, తోక దిగింది.